కొత్త ఇల్లు, సొలిసిటర్ బిల్లు, మియాపూర్ ఫ్లాటు

ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆ దేశం వెళ్లి ఐదేళ్లు దాటింది, ఇప్పటిదాకా అద్దె ఇల్లే. కొత్తగా కడుతున్న ఒక ఎస్టేట్‌లో మూడు బెడ్‌రూమ్‌ల ఫ్రీహోల్డ్ ఇల్లు, అంటే నేలతో సహా సొంతమయ్యేది, 3,65,000 పౌండ్లకు మాట్లాడుకుని, 500 పౌండ్లు కట్టి రిజర్వ్ చేసుకున్నారు. 28 రోజుల్లో కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ కావాలని, అంటే ఒప్పందం ఖాయం కావాలని, బిల్డర్ షరతు. అందులో వారం అయిపోయింది.

సైట్ ఆఫీసువాళ్లు ఒక సొలిసిటర్ సంస్థ (ఇల్లు కొనే కాగితాల పని చూసే లాయర్లు) పేరు చెప్పి, వాళ్లను పెట్టుకుంటే లీగల్ ఫీజులో 500 పౌండ్లు మేమే ఇస్తామన్నారట. ఆ సంస్థ ఫోన్‌లో 895 పౌండ్లు అంది. మెయిల్‌లో కొటేషన్ వచ్చేసరికి న్యూ బిల్డ్ సప్లిమెంట్ 300, లెండర్ తరఫున పనిచేసినందుకు 150, గిఫ్ట్ డిపాజిట్‌కు (ఇంట్లోవాళ్లు కానుకగా ఇచ్చే సొమ్ము) 100, స్టాంప్ డ్యూటీ ఫారానికి 90, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌కు 40, ఇద్దరి ఐడీ చెక్‌లకు 60 అని వరసగా ఉన్నాయి, దానిమీద వ్యాటు. చివర సెర్చ్‌లు, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, స్టాంప్ డ్యూటీ 3,250 కలిపి ఒకే మొత్తం చూపించారు. స్నేహితురాలు చెప్పిన ఇంకో సొలిసిటర్ 1,450 ప్లస్ వ్యాట్ అంటున్నారు, పై పనులన్నీ అందులోనే. "మా ఆయన బిల్డర్ చెప్పినవాళ్లే నయం అంటున్నారు. మామగారేమో హైదరాబాద్‌లో పది పదిహేను వేలకు లాయర్ లీగల్ ఒపీనియన్ ఇచ్చేస్తాడు, అక్కడ లక్షలు పోయడం ఏమిటమ్మా అని రోజూ ఫోన్‌లో అంటున్నారు. నాకు ఈ బిల్లు అర్థం కావడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు" అని రాశారు. మధ్యలో ఒక వాక్యం: గుంటూరు నుంచి నాన్నగారు స్థలం అమ్మిన డబ్బులో 20 లక్షలు పంపుతున్నారు. ఇంకో వాక్యం: మియాపూర్‌లో 2016లో కొన్న ఫ్లాటు భర్త పేరు, మామగారి పేరు కలిపి ఉంది, "అది ఇండియాలోది కాబట్టి దీనికి సంబంధం లేదనుకుంటున్నాం."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు పేజీలు ఆ 895 గురించి రాశారు. నన్ను భయపెట్టింది మాత్రం ఆ ఫ్లాటు గురించిన ఒక్క వాక్యం. దాని దగ్గరికి వస్తాను. ముందు బిల్లు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మీరు అనుకుంటున్నంత కష్టం కాదు.

సొలిసిటర్ కొటేషన్‌లో మూడు రకాల డబ్బు కలిసిపోయి ఉంటుంది. ఒకటి, ఆయన చేసే పనికి ఆయన తీసుకునేది, దానిమీద 20 శాతం వ్యాట్. రెండోది, మీ తరఫున బయటివాళ్లకు కట్టేది. కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) సెర్చ్, అంటే వాళ్ల రికార్డుల తనిఖీ, నీళ్లు-డ్రైనేజీ సెర్చ్, పర్యావరణ సెర్చ్, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, వీటిని డిస్‌బర్స్‌మెంట్స్ అంటారు. మూడోది ప్రభుత్వానికి వెళ్లే స్టాంప్ డ్యూటీ. వీటిలో సంస్థను బట్టి నిజంగా మారేది మొదటిదే. రెండోది ఎవరి దగ్గరికి వెళ్లినా కాస్త అటూ ఇటూ. మూడోది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది, సొలిసిటర్‌ను బట్టి కాదు. కాబట్టి చివరి మొత్తాలను పక్కపక్కన పెట్టి పోల్చకండి, మొదటి రకాన్ని మాత్రం విడదీసి పోల్చండి.

అలా చూస్తే బిల్డర్ చెప్పిన సంస్థ పనికి తీసుకునేది 895 కాదు, అన్నీ కలిపి 1,635. వ్యాట్‌తో 1,962 పౌండ్లు. స్నేహితురాలు చెప్పినవారిది వ్యాట్‌తో 1,740. అంటే "ఖరీదైన" సొలిసిటరే 222 పౌండ్లు చవక. బిల్డర్ ఇచ్చే 500 తీసేస్తే మొదటి సంస్థ 1,462కు వస్తుంది, అప్పుడు వాళ్లు 278 పౌండ్లు చవక. మీ ఇంట్లో ఇన్ని రోజులుగా నడుస్తున్న గొడవ మొత్తం ఈ 278 పౌండ్ల గురించి. అది చిన్న మొత్తం అనను, కానీ మూడు లక్షల అరవై ఐదు వేల ఇంటి కాగితాలు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చేంత పెద్దదీ కాదు.

ఫోన్‌లో 895 చెప్పి మెయిల్‌లో పెంచారని మీకు కోపం వచ్చింది, న్యాయమే. అక్కడ సొలిసిటర్ల మీద అజమాయిషీ చేసే సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ 2018 డిసెంబర్ నుంచి ఇళ్ల కొనుగోలు ఫీజులు, వాటిలో ఏమేం వస్తాయో సహా, వెబ్‌సైట్‌లో పెట్టాలని నియమం పెట్టింది. వెళ్లి చూడండి, అక్కడ రాసినదానికీ మీకు పంపినదానికీ తేడా ఉంటే అడిగే హక్కు మీకుంది. కానీ సప్లిమెంట్ అన్న మాట చూడగానే మోసం అనుకోవద్దు. కొత్త ఇంటికి నిజంగానే పని ఎక్కువ.

పాత ఇల్లు కొంటే దానికి విడిగా ఒక టైటిల్, అంటే యాజమాన్య రికార్డు, ఎప్పుడో ఉంటుంది, దాన్ని పూర్తిగా మీ పేరుకు మారుస్తారు. కొత్త ఎస్టేట్‌లో నేలంతా బిల్డర్ పేరున ఒకే పెద్ద టైటిల్. అందులోంచి మీ ముక్కను గీసి, వేరు చేసి, కొత్త టైటిల్ పుట్టించాలి. ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు కూడా ఇలాంటి భాగం బదిలీకి ఎక్కువే, పాత ఇల్లు కొన్న స్నేహితులు తక్కువ కట్టామంటే ఆశ్చర్యపోకండి. ఇంకా ముఖ్యమైనవి ఉన్నాయి. మీ ఇంటి ముందు రోడ్డును కౌన్సిల్ తీసుకునేలా సెక్షన్ 38 ఒప్పందం ఉందా, మురుగు పైపులను నీటి సంస్థ తీసుకునేలా సెక్షన్ 104 ఒప్పందం ఉందా, ప్లానింగ్ అనుమతితో వచ్చిన సెక్షన్ 106 బాధ్యతలు ఏవైనా మీ మీద పడతాయా, పది సంవత్సరాల వారంటీ కాగితం వచ్చిందా, మీ డిపాజిట్ బిల్డర్ దివాలా తీస్తే ఎవరు కాపాడతారు, ఇల్లు పూర్తికాకపోతే ఏ తేదీ తర్వాత మీరు బయటికి రావచ్చు, ఇవన్నీ చదవాలి. బిల్డర్ మీకిచ్చే 500 లాంటి తాయిలాలను కూడా ఒక డిస్‌క్లోజర్ ఫారంలో బ్యాంకుకు చూపించాలి. ఇదంతా 28 రోజుల్లో. ఆ 300 పౌండ్లు వీటికి.

మీరు ప్రత్యేకంగా అడగవలసింది ఎస్టేట్ చార్జీ. ఫ్రీహోల్డ్ ఇల్లు కదా, ఇంక నెలనెలా మెయింటెనెన్స్ ఏముంటుందిలే అనుకుంటాం. కానీ రోడ్లు, పార్కు, వాననీటి చెరువు కౌన్సిల్ చేతికి వెళ్లకపోతే వాటిని చూసే మేనేజ్‌మెంట్ కంపెనీకి ఏటా మీరే కట్టాలి, కౌన్సిల్ టాక్స్ మామూలుగా కడుతూనే. ఏడాదికి ఎంత, ఎంతవరకు పెంచవచ్చు, కట్టడం ఆలస్యమైతే ఆ కంపెనీకి ఏ హక్కులున్నాయి, రేపు మీరు అమ్మేటప్పుడు ఆ కంపెనీ సర్టిఫికెట్‌కు ఎంత తీసుకుంటుంది, వీటికి సొలిసిటర్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఫోన్‌లో "అన్నీ స్టాండర్డేనండీ" అన్న జవాబు ఒప్పుకోకండి.

మీ మామగారి ప్రశ్న కూడా తీసిపారేయదగ్గది కాదు. మన దగ్గర లాయర్ లింక్ డాక్యుమెంట్లు, ఈసీ చూసి ఒపీనియన్ ఇస్తాడు, బ్యాంకు వాళ్ల ప్యానెల్ లాయర్ వాళ్లు చూసుకుంటారు, దస్తావేజు రాసేవారు రాస్తారు, మనం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేసి ఫోటో దిగితే అయిపోతుంది. ఇంగ్లండ్‌లో మీరు ఏ ఆఫీసుకూ వెళ్లరు. ఈ పనులన్నీ ఒకే సొలిసిటర్ చేస్తారు, మీ డిపాజిట్టూ, బ్యాంకు ఇచ్చే అప్పూ కూడా ఆయన క్లయింట్ ఖాతా గుండానే వెళతాయి. ఎక్స్ఛేంజ్ అంటే ఇద్దరు సొలిసిటర్లు ఫోన్‌లో తేదీ, టైమ్ చెప్పుకుని ఒప్పందాన్ని ఖాయం చేయడం. ఆ క్షణం నుంచి మీరు వెనక్కి తగ్గితే పది శాతం డిపాజిట్, అంటే 36,500 పౌండ్లు, పోవచ్చు. ఇది మామగారికి ఇలాగే చెప్పి చూడండి. ఆయన కాదనేది ఖర్చును, మిమ్మల్ని కాదు.

ఇక ఎవరిని పెట్టుకోవాలి? బిల్డర్ చెప్పిన సంస్థను పెట్టుకుంటే లాభం నిజమే. అదే ఎస్టేట్‌లో ముందు అమ్ముడుపోయిన ఇళ్ల కాగితాలు వాళ్లు చూసి ఉంటారు, బిల్డర్ లాయర్‌తో పరిచయం ఉంటుంది, 28 రోజుల గడువు అందుకోవడం సులువు. చట్టప్రకారం వాళ్లు మీ మేలు కోసమే పనిచేయాలి, అందరూ బిల్డర్ మనుషులే అనడం అన్యాయం. కానీ వాళ్లకు పని పంపేది ఆ సైట్ ఆఫీసు. గట్టిగా అడగాల్సిన చోట, గడువు పొడిగించమని పట్టుబట్టాల్సిన చోట, నెమ్మదించే ప్రమాదం ఉంది. పరిచయం చేసినందుకు ఎవరికైనా రెఫరల్ ఫీజు ఇస్తుంటే ఆ సంగతి మీకు చెప్పి తీరాలి. నేరుగా అడగండి: ఇస్తున్నారా, ఎంత?

స్నేహితురాలు చెప్పినవారిని పెట్టుకుంటే 278 ఎక్కువవుతుంది, మొదటి వారం వాళ్లకు కాగితాలు కొత్త. కాబట్టి రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. ఒకటి, ఇప్పుడు చేతిలో ఎన్ని కొత్త ఇళ్ల కేసులున్నాయి, ఈ గడువు ఒప్పుకుంటారా. రెండు, మీకు లోన్ ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే అది ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితాలో, ఉన్నారా. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు వేరే లాయర్‌ను పెట్టుకుంటుంది, ఆ ఖర్చు మీ నెత్తిన. ఏ బిల్డరూ ఫలానా సొలిసిటర్‌నే పెట్టుకోమని బలవంతం చేయకూడదు. మీ బిల్డర్ న్యూ హోమ్స్ క్వాలిటీ కోడ్ (కొత్త ఇళ్ల బిల్డర్లు పాటించే నియమావళి)లో చేరి ఉంటే అందులో ఈ మాట స్పష్టంగా ఉంది. అదే కోడ్ ప్రకారం రిజర్వ్ చేసిన 14 రోజుల్లోపు మనసు మార్చుకుంటే కట్టిన రిజర్వేషన్ ఫీజు పూర్తిగా వెనక్కి వస్తుంది. మీకు ఇంకా వారం ఉంది, ఇది గుర్తుంచుకోండి, దీని అవసరం పడవచ్చు.

ఎందుకంటే మియాపూర్ ఫ్లాటు.

మీకు చూపించిన స్టాంప్ డ్యూటీ 3,250 అనేది ఫస్ట్ టైమ్ బయ్యర్, అంటే మొదటిసారి ఇల్లు కొనేవారి, లెక్క. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ లెక్కలో మొదటి 3 లక్షల పౌండ్లకు పన్ను లేదు, ఆ పైన 5 లక్షల వరకు 5 శాతం. మీరు ఆన్‌లైన్ ఫారంలో "మొదటిసారి కొంటున్నారా" అన్నదానికి అవునని టిక్ పెట్టి ఉంటారు, ఇంగ్లండ్‌లో మొదటిది కదా అని. కానీ ఆ నియమం ప్రపంచం మొత్తానికి వర్తిస్తుంది. ఎక్కడైనా, ఎప్పుడైనా ఇల్లు లేదా ఇంట్లో వాటా సొంతమై ఉంటే, అది వారసత్వంగా వచ్చినదైనా సరే, ఆ మనిషి ఫస్ట్ టైమ్ బయ్యర్ కాదు. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరూ అర్హులై ఉండాలి. ఊళ్లో తాతగారి ఇంట్లో వాటా వచ్చినవాళ్లు కూడా ఇది చదివి ఆగి ఆలోచించాలి. పొలం, ఖాళీ స్థలం లెక్కలోకి రావు, నివాసపు ఇల్లు వస్తుంది.

కాబట్టి మీ ఆయన పేరు దస్తావేజులో ఉంటే 3,250 పోయింది, మామూలు లెక్కలో 8,250 పౌండ్లు. ఇంతటితో ఆగదు. కొన్న రోజు చివరికి మీ ఇద్దరిలో ఎవరికైనా ఇంకో ఇల్లు, ఏ దేశంలోనైనా, ఆ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, మొత్తం ధర మీద 5 శాతం అదనం. 2024 అక్టోబర్ 31 నుంచి ఆ రేటు. అప్పుడు మీరు కట్టాల్సింది 26,500 పౌండ్లు. మూడు వేల రెండు వందల యాభై ఎక్కడ, ఇరవై ఆరున్నర వేలు ఎక్కడ!

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని సొలిసిటర్‌ను ఎంచుకోవడం కూడా కాదు, ఆ ఫ్లాటు విలువ తెలుసుకోవడం. 40,000 పౌండ్లంటే ఈమధ్య మారకం రేట్లలో దాదాపు 45 నుంచి 50 లక్షల రూపాయలు. ఫ్లాటులో మీ ఆయనది సగం వాటా అయితే, ఫ్లాటు 80 లక్షలదైతే ఒక జవాబు, కోటి దాటితే ఇంకో జవాబు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ కాదు, నిజమైన మార్కెట్ విలువ చూడాలి. హైదరాబాద్‌లో రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత రిపోర్టు రాయించండి, దస్తావేజులో వాటాలు ఎలా రాసి ఉన్నాయో కూడా చూడండి.

వాటా విలువ ఆ 40,000 గీత కింద ఉంటే, ఇల్లు మీ ఒక్కరి పేరున కొనే దారి ఉంది. మీకు ఇంతకుముందు ఏ ఇంట్లోనూ వాటా లేకపోతే 3,250 లెక్క మీకు దొరకవచ్చు. కానీ మీ ఒక్క జీతం మీద అంత లోన్ వస్తుందా? పేరు మీది, డబ్బు ఇద్దరిదీ అయితే, ఆయనకూ అందులో వాటా ఉన్నట్టే అవుతుందా? రేపు ఏదైనా జరిగితే ఆయన పరిస్థితి ఏమిటి? ఇవి కాగితం మీద సర్దుకునే సంగతులు కావు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. గీత దాటితే మాత్రం మీ ఒక్కరి పేరున కొన్నా తప్పించుకోలేరు, అదనపు పన్ను విషయంలో కలిసి ఉన్న భార్యాభర్తలను ఒకరిగానే చూస్తారు.

ఇంకో దారి, కొనే రోజుకు ముందే ఆయన తన వాటాను మామగారికి గిఫ్ట్ డీడ్‌గా రాసివ్వడం లేదా అమ్మేయడం. అప్పుడు అదనపు 5 శాతం పడదు, ఫస్ట్ టైమ్ లెక్క మాత్రం ఆయనకు తిరిగి రాదు, 8,250 కట్టాలి. దీనికి తెలంగాణలో స్టాంపు ఖర్చు ఉంది, బ్రిటన్‌లో నివసిస్తూ ఆస్తి గిఫ్టుగా ఇచ్చినా క్యాపిటల్ గెయిన్స్ ప్రశ్న వస్తుంది, అన్నిటికంటే ముందు మామగారి మనసు ఉంది. పన్ను మిగుల్తుందని కొడుకు పేరు తీయిస్తున్నారన్న మాట ఆయనకు ఎలా చేరుతుందో మీకే తెలుసు. ఈ మాట మీరు కాదు, మీ ఆయనే చెప్పాలి.

ఫ్లాటు సంగతి రాయకుండా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని ఎవరైనా సలహా ఇస్తారు, తప్పకుండా ఇస్తారు. వినకండి. పన్ను రిటర్న్‌లో చెప్పేదానికి బాధ్యత మీది, సొలిసిటర్‌ది కాదు. తర్వాత బయటపడితే పన్ను, వడ్డీ, పెనాల్టీ, వీసా మీద ఉన్నవాళ్లకు ఆ మచ్చ వేరే.

చాలా సొలిసిటర్ సంస్థలు కేసు తీసుకునేటప్పుడు పంపే క్లయింట్ కేర్ లెటర్‌లో "మేము పన్ను సలహా ఇవ్వం" అని ఒక వాక్యం ఉంటుంది. అందుకే ఇద్దరు సొలిసిటర్లకూ ఈ రోజే ఒకే మెయిల్ పంపండి. ఫ్లాటు వివరం ఒక్క ముక్క దాచకుండా రాసి, స్టాంప్ డ్యూటీ లెక్క మీరు చేస్తారా, చేయకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడగండి. ఏ పరిస్థితిలో ఫీజు పెరుగుతుంది, కొనుగోలు మధ్యలో ఆగిపోతే ఎంత కట్టాలి అని కూడా. జవాబు ఎంత త్వరగా, ఎంత విడమరిచి వస్తుందో చూస్తే ఎవరిని పెట్టుకోవాలో చాలావరకు మీకే తెలుస్తుంది. నన్నడిగితే, మీ కేసులో ఇండియా ఆస్తి, ఇండియా డబ్బు రెండూ ఉన్నాయి కాబట్టి, ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబిచ్చేవారికి 278 ఎక్కువ ఇవ్వడానికి నేను వెనకాడను. అది బిల్డర్ చెప్పిన సంస్థే అయితే వాళ్లనే పెట్టుకోండి, సంతోషం.

నాన్నగారి డబ్బు గురించి. మనీ లాండరింగ్ నియమాల వల్ల సొలిసిటర్ ఆ సొమ్ము ఎక్కడిదో చూడాలి, ఆ 100 పౌండ్లు దానికే. స్థలం అమ్మిన దస్తావేజు, తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, అమ్మిన డబ్బు పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, నాన్నగారి గుర్తింపు కాగితాలు, తిరిగి ఇవ్వక్కర్లేదని, ఇంట్లో వాటా అడగనని సంతకం చేసిన లేఖ కావాలి. దస్తావేజులో రాసిన ధరా, ఖాతాలో పడిన సొమ్మూ కలవాలి. నగదుగా చేతికొచ్చిన భాగాన్ని ఇంగ్లండ్‌లో చూపించలేరు, దాన్ని లెక్కలోంచి ఇప్పుడే తీసేయండి. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీద ఇండియా బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, అంటే మీ విషయంలో 2 లక్షలు నాన్నగారు అదనంగా సర్దుకోవాలి. అది ఆయన ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కానీ వెంటనే చేతికి రాదు. అమ్మగారి ఖాతాలో నిజంగా ఆమె సొమ్ము ఉంటే చెరో పది పంపవచ్చు, అప్పుడు గిఫ్ట్ ఇచ్చేవారు ఇద్దరు కాబట్టి సొలిసిటర్ ఆ ఫీజు రెండుసార్లు తీసుకోవచ్చు.

డిపాజిట్ పంపే రోజు ఒక జాగ్రత్త. ఖాతా నంబర్ మారిందని మెయిల్ వస్తే నమ్మకండి, సొలిసిటర్ మొదటి ఉత్తరంలో ఉన్న ఫోన్ నంబర్‌కు చేసి, మనిషితో మాట్లాడి, అంకె అంకె సరిచూసుకున్నాకే పంపండి.

28 రోజులు సరిపోవనిపిస్తే చివరి రోజు దాకా ఆగకుండా ఈ వారమే సైట్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, పన్ను విషయంలో సలహా తీసుకుంటున్నాం, ఇంకో రెండు వారాలు కావాలి అని అడగండి. జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. ఒప్పుకోకపోతే, 14 రోజుల్లోపే బయటికొచ్చి విలువ తేలాక మళ్లీ చూసుకోవచ్చు, అలాంటి ఇల్లు ఆ ఎస్టేట్‌లో ఇంకోటి ఉండవచ్చు, ఉండకపోవచ్చు కూడా. వాల్యూయర్ రిపోర్టు వచ్చాక, మీ ఇద్దరి జీతాల వివరంతో మళ్లీ రాయండి, ఎవరి పేరున కొనాలన్నది అప్పుడు చూద్దాం.